కుడిపక్క

పంచె మానేసి ప్యాంటు తొడగడం మొదలుపెట్టి ఏడాది దాటింది. అయినా పొద్దున్నే బెల్టు బిగించుకునే వేళకి వెంకటరాజుకి ఎవరి బట్టలో కట్టుకుంటున్నట్టే ఉంటుంది. బెల్టుకి కుడివైపున తోలు ఒర. ఒరలో అరచేతికి కాస్త పెద్దదైన నల్లటి పిస్టల్. దాని మీదికి వదులుగా దింపిన చొక్కా. అద్దం ముందు పక్కకి తిరిగి, ఉబ్బు తెలుస్తోందేమో చూసుకున్నాడు.

"ఏం కనబడట్లేదులెండి," అంది రామతులసి వంటింట్లోంచి. ఆమె చూడలేదు. రోజూ చూడకుండానే ఆ మాట అంటుంది.

గోదారి మధ్య లంకలో తన అరటితోట పక్కన ఇసుక తోడేవాళ్ల మీద అర్జీ పెట్టాక బెదిరింపులొస్తే లైసెన్సు తెచ్చుకున్నాడు. కనబడకూడదనే అంత చిన్నది తీసుకున్నాడు. "జేబులో పర్సులాగే అలవాటైపోతుందండి, ఉన్న సంగతే మర్చిపోతారు" అన్నాడు అమ్మినాయన. ఒక్కపూట కూడా మర్చిపోవడం కుదరలేదు. చేతుల కుర్చీలో కూర్చుంటే పొడుచుకుంటుంది. మోటారుసైకిలు ఎడమకి ఒరిగి నడపాలి. మంగలి దగ్గర కూర్చుంటే తీసి ఒళ్లో తువ్వాలు కింద పెట్టుకోవాలి. ఆ తువ్వాలు కదిలినప్పుడల్లా గడ్డం మీద కత్తి ఆగిపోతుంది. గోదాట్లో మునగాలంటే గట్టు మీద దానికి కాపలా ఎవరుంటారు? అందుకని మునక మానేశాడు. తుంటి మీద చర్మం నల్లగా కాయ కాసింది. ఇంతా చేస్తే, కొన్న వారం తిరక్కుండానే ఊళ్లో అందరికీ తెలిసిపోయింది.

గట్టు మీద సుబ్బాయమ్మ టీ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడో లేదో బుల్లియ్య వచ్చాడు. మోకాళ్ల పైకి ఎగగట్టిన తడి లుంగీ, ఒంటి నిండా చేపల వాసన. వచ్చినవాడు బల్ల చుట్టూ తిరిగి వెళ్లి వెంకటరాజుకి ఎడమపక్కన కూర్చున్నాడు.

బుల్లియ్యకి కుడిచెవి వినబడదు. కుర్రతనంలో ఇసుక ర్యాంపు పడవల మీద పనిచేసేవాడు. బకెట్టు పట్టుకుని గోదారి అడుగుదాకా మునిగి ఇసుక తోడి తేవడం పని. ఆ చెవి అక్కడే పోయింది. అందుకని ఈ బల్ల మీద ఎప్పుడూ వెంకటరాజుకి కుడిపక్కనే కూర్చునేవాడు, పనిచేసే చెవి ఇటువైపు ఉండేటట్టు. పిస్టల్ వచ్చాక పక్క మారాడు. ఎందుకని అడిగితే, "అది ఒంటికి తగులుతుంటే నాకు టీ దిగదండి, ఆయ్" అన్నాడు నవ్వుతూ. పోనీ పిస్టలే ఎడమకి మార్చుకుందామంటే వెంకటరాజుకి ఆ చేయి సాగదు. అలా ఇద్దరి మధ్యకీ చెవిటి చెవి వచ్చి పడింది. మెల్లిగా చెప్పుకునేవన్నీ ఆగిపోయాయి. అరిచి చెప్పుకోగలిగినవి మిగిలాయి.

"సోమవారం కొవ్వూరు," అన్నాడు వెంకటరాజు.

"ఆఁ?"

"సోమవారం! విచారణ! పొద్దున్నే బయల్దేరదాం!"

"ఎల్దారండి."

"నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. మా లంక పక్కనే మిషను పెట్టి తోడుతుంటే చూశానని."

"ఏంటండీ?"

"మిషను! మిషను పెట్టి ఇసుక తోడుతుంటే కళ్లారా చూశానని చెప్పు! నేను చెబితే నా పొలం కోసం చెప్పుకున్నాననుకుంటారు. నువ్వొక్కడివే సాక్షివి!"

సుబ్బాయమ్మ గిన్నె మూత పక్కన పెట్టి నవ్వింది. "మైకొకటి తెచ్చుకోండి రాజుగారూ. గోదారవతల రాజమండ్రోళ్లకి సగమే వినబడిందంట."

బల్లల మీద వాళ్లంతా నవ్వారు. స్తంభానికి ఆనుకుని గ్లాసు ఊదుకుంటున్న గణేష్‌బాబు కూడా నవ్వాడు. ఇసుక ర్యాంపు ఓనరు యుగంధర్ దగ్గర లారీలు, మిషన్లు చూసే మనిషి అతను. అక్కడ ఉన్నాడని వెంకటరాజు అప్పటిదాకా గమనించలేదు.

మధ్యాహ్నం బుల్లియ్య పడవలోనే లంకకి వెళ్లారు. ఒడ్డు మెట్లు మెట్లుగా కాదు, రంపంతో కోసినట్టు నిలువుగా తెగిపోయి ఉంది. అంచున ఉన్న అరటిచెట్ల వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కిందటేడు సరిహద్దు రాయి ఉన్న చోట ఇప్పుడు బుల్లియ్య గెడ వేస్తే అడుగు అందలేదు. మిషను ఆ వేళ లేదు. విచారణ దగ్గరపడిందంటే అది కనబడదు. విచారణ అయిపోతే మళ్లీ వస్తుంది.

వెంకటరాజు వెదురుకర్రలు మోసుకెళ్లి, గెల బరువుకి వాలిన చెట్లకి ఊతం పెడుతున్నాడు. అంచున ఉన్నవాటికి కూడా. వంగినప్పుడల్లా నడుము దగ్గర ఇనుము పక్కటెముకలోకి గుచ్చుకుంటోంది.

"అవెందుకండీ, నెలలో ఎల్లిపోయేయే కదా," అన్నాడు బుల్లియ్య పడవలో నీళ్లు తోడిపోస్తూ.

"వెళ్లేదాకా నిలబడాలి కదా."

ఇసుక మేట మీదుగా గణేష్‌బాబు నడిచి వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

"నమస్కారమండి రాజుగారూ. గెలలు బాగా దిగినియ్యండి."

వెంకటరాజు ఇంకో కర్ర తీసి చెట్టుకి ఆనించాడు.

"సోమవారం కొవ్వూరెళ్తున్నారంట కదండీ. ఎల్లండి, తప్పేముంది. మీ జోలికి ఎవరూ రారు. మా ఓనరుగారు అదే అన్నారు, రాజుగారి దగ్గర సామానుంది, ఆయన జోలికి మాత్రం ఎల్లకండ్రా అని."

అంటున్నంతసేపూ అతని చూపు చొక్కా అంచు మీదే ఉంది. తనకి తెలియకుండానే వెంకటరాజు కుడిచేయి కర్ర వదిలేసి నడుము దగ్గరికి వెళ్లింది. గణేష్‌బాబు నవ్వు ఆగిపోయింది. రెండడుగులు వెనక్కి వేశాడు. చెప్పులున్న చేతుల్తోనే మళ్లీ దణ్ణం పెట్టి, అటునుంచి పడవ వైపు తిరిగాడు.

"ఏం బాబాయ్, పడవ నిగనిగలాడతంది. కొత్తగా తారేశావా?"

"ఆయ్, మొన్ననే," అన్నాడు బుల్లియ్య.

"జాగ్రత్తగా చూసుకో మరి."

ఆ వెనకడుగులు వెంకటరాజుతో పాటు ఇంటిదాకా వచ్చాయి. చాలా కాలానికి ఆ పూట మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు. రామతులసి పెరుగు వేస్తూ అతని మొహంలోకి చూసి, ఏమైందని అడగకుండా, ఇంకో గరిటె వేసింది.

మర్నాడు పొద్దున్నే సుబ్బాయమ్మ కబురు చేసింది. వెళ్లేసరికి బుల్లియ్య పడవ ఒడ్డున ఒక పక్కకి పడుకుని ఉంది. అడుగున గునపం పోట్లు, కొత్త తారు మీద తెల్లటి చెక్క పెళ్లలు. ఇంటి ముందు వలలు కుప్పగా పోసి ఉన్నాయి. కోసినవాడు వల సంగతి తెలిసినవాడే. ఊరికే చింపి పోలేదు. బెండ్లు కట్టిన పైతాడూ, సీసం గుళ్లున్న అడుగుతాడూ వరసగా జానెడు జానెడు దూరాన తెగ్గోశాడు. కన్ను చిరిగితే అల్లుకోవచ్చు. తాడు అలా పోయాక ఇక అది వల కాదు.

బుల్లియ్య నేల మీద చతికిలపడి సీసం గుళ్లు ఒక్కొక్కటే వలిచి డబ్బాలో వేసుకుంటున్నాడు. అవన్నా పనికొస్తాయని. అతని భార్య లక్ష్మీదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. వెంకటరాజుని చూసి కుర్చీ తెచ్చి వేసింది. అందరికీ వేసే చేతుల కుర్చీ కాదు, పొడుచుకోకుండా ఉండేటట్టు చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ. అంత కడుపుమంటలోనూ ఆమెకి ఆ సంగతి గుర్తుంది.

"కంప్లయింటు ఇద్దాం," అన్నాడు వెంకటరాజు.

"ఎవరు కోశారని ఇద్దారండి? చూశామా?" అంది లక్ష్మీదుర్గ. "రాజుగారూ, ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి. మీ నడుముకున్నది మిమ్మల్ని కాస్తంది. మంచిదే. మిమ్మల్ని ముట్టుకోలేరు కాబట్టి మా ఇంటికొచ్చారు. మా ఆయన మొలకేవుందండి, మొలతాడు తప్ప?"

"నేనున్నాగా అమ్మా," అన్నాడు వెంకటరాజు. చేయి మళ్లీ చొక్కా అంచు దగ్గరికి వెళ్లింది. "సోమవారం దాకా బుల్లియ్యని వదలను. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నా పక్కనే ఉంటాడు."

లక్ష్మీదుర్గ ఆ చేయి వైపు చూసింది. బుల్లియ్య తలెత్తాడు. మొగుడికి వినబడలేదని ఆమె వంగి ఎడమచెవి దగ్గర ఆ మాట చెప్పింది.

"ఆయ్. వస్తానండి సోమవారం," అన్నాడు బుల్లియ్య, ఇంకో గుండు వలుస్తూ. "వలెలాగూ పోయింది. మాటన్నా ఉంచుకుందారి."

అప్పుడు మోగింది ఫోను. స్టేషన్ నుంచి కానిస్టేబుల్ హారతి. గొంతు గలగలమని బయటికే వినబడింది.

"వెంకటరాజుగారేనా అండి? పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందండి. లైసెన్సు ఆయుధాలన్నీ రేపటికల్లా జమ చెయ్యాలండి. రిజల్ట్సయ్యాక తిరిగిస్తారు."

"రేపే?"

"అందరూ ఇస్తున్నారండి. మీదింకా రాలేదు."

ఫోను జేబులో పెట్టుకుని చూసేసరికి లక్ష్మీదుర్గ తెగిన వల మడత పెడుతోంది. మొగుడికి ఏమీ చెప్పలేదు. వెంకటరాజు కూడా చెప్పలేదు. బుల్లియ్య చెవిటి చెవి ఇటే ఉంది.

శనివారం స్టేషన్లో పెద్ద రద్దీ లేదు. బ్యాంకు కాపలా చేసే పెద్దాయనొకడు తన పొడుగు తుపాకి ఇచ్చి రసీదు తీసుకుని వెళ్లాడు. హారతి బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. వెంకటరాజు గుళ్లున్న మ్యాగజైన్ తీసి ఒక పక్కనా, పిస్టల్ ఒక పక్కనా పెట్టాడు. లోపల ఖాళీయో కాదో చూడాలని ఆమె పైభాగం వెనక్కి లాగింది. అది కదల్లేదు. మళ్లీ లాగింది. చేతులు తుడుచుకుని, పళ్లు బిగించి లాగింది.

"సార్, ఇది రావట్లేదండి."

హెడ్ కానిస్టేబుల్ శాంతికుమార్ వచ్చి, గుడ్డ వేసి పట్టుకుని గుంజాడు. కీచుమని సగం వచ్చి ఆగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లజోడు పైకి తోసి, సందులోకి చూశాడు. అగ్గిపుల్లతో గీకాడు. పుల్ల చివర ఎర్రగా వచ్చింది. వేలికి రాసుకుని చూశాడు.

"ఏంటండీ ఇది? కుంకమా?"

వెంకటరాజుకి వెంటనే అర్థమైంది. దసరానాడు ట్రాక్టరు, మోటారుసైకిలు, కత్తులు, కొడవళ్లు అన్నీ కడిగి వాకిట్లో వరసగా పెట్టారు. రామతులసి ఆ పిస్టల్‌ని అంతకు ముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. అది ఉన్న బీరువా అర కూడా తుడిచేది కాదు. ఆ రోజు మాత్రం తలస్నానం చేసి, పసుపు తడిపి రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన నీళ్లు దాని మీద కూడా చిలకరించింది. "మిమ్మల్ని కనిపెట్టుకునుండేది, దీనికి చెయ్యకపోతే ఎలాగండీ" అంటూ రెండు చేతులా కళ్లకద్దుకుంది. సాయంత్రం తను పైపైన తువ్వాలుతో తుడిచి ఒరలో పెట్టేశాడు. ఆ తర్వాత విప్పి చూడలేదు. చూడాలంటే భయం కూడాను.

"కొబ్బరినీళ్లు జిగురండి. దానికి పసుపూ కుంకం కలిసి లోపల అట్టకట్టేసింది. పైన చెమట, తుప్పు," అన్నాడు శాంతికుమార్.

"అంటే... పేలేదేనా అండి?"

"ఎలా పేలుద్దండి! దసరా నుంచి మీరు మోసింది ఇనపముక్క." అని గట్టిగా నవ్వాడు. లోపలి గదిలో ఇంకెవరో కూడా నవ్వారు.

హారతి నవ్వలేదు. మంచినీళ్ల సీసా మూత తీసి వెంకటరాజు ముందు పెట్టింది. "మా అమ్మయితే మా నాన్న సెల్‌ఫోనుకి కూడా పెట్టిందండి బొట్టు," అంది మెల్లిగా. "స్పీకరు పోయింది. ఇప్పటికీ ఆయన ఆ సంగతి మా అమ్మకి చెప్పలేదు."

బయటికి వస్తే ఎదురుగా కిళ్లీకొట్టు దగ్గర గణేష్‌బాబు బండి మీద కూర్చుని ఉన్నాడు. చదునుగా దిగిన చొక్కా వైపు చూశాడు.

"తేలిగ్గా ఉన్నారండి ఇవాళ. మా కర్రలూ గునపాలూ కూడా జమ చేద్దామనే అనుకున్నామండి. లైసెన్సు లేనియ్యి తీసుకోరంట."

వెంకటరాజు బండి స్టార్ట్ చేశాడు. అలవాటుకొద్దీ ఎడమకే ఒరిగి కూర్చున్నాడు. మొన్న లంకలో ఈ మనిషి వేసిన వెనకడుగులు గుర్తొచ్చాయి. ఆ పూట మారు పెట్టించుకుని తిన్న అన్నం కూడా.

ఇంటికి వెళ్తే రామతులసి ఎదురొచ్చింది. "ఇచ్చేశారా? గీతలు పడకుండా చూస్తారంటారా?"

"చూస్తారు."

ఆమె లోపలికి వెళ్లి పెట్టెలోంచి తెల్లపంచె తెచ్చి మంచం మీద పెట్టింది. మడతల్లో కర్పూరం వాసన. వెంకటరాజు బెల్టు విప్పేసి, పంచె కట్టుకుని, తుంటి మీద కాయ దగ్గర ముడి నొప్పెడుతుంటే కాస్త వదులు చేసుకున్నాడు. దసరా సంగతి ఎత్తలేదు.

సోమవారం పొద్దున్నే బుల్లియ్య ఇంటికి వెళ్లాడు. లక్ష్మీదుర్గ వాకిలి ఊడుస్తోంది. చీపురు ఆపలేదు.

"ర్యాంపుకెళ్లాడండి."

"ర్యాంపుకా?"

"పడవ లేదు కదండీ. ఆళ్లే నిన్న మనిషిని పంపారు. మునిగేవాళ్లు తక్కువయ్యారంట." ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. "నేనే ఎల్లమన్నాను. ఆయన్నేమీ అనకండి."

ఇరవై ఏళ్లవాళ్లు చేసే పని. యాభై దాటిన మనిషి, ఒక చెవి ఇప్పటికే దానికిచ్చేసిన మనిషి. ఏదో అనాలనుకున్నాడు వెంకటరాజు. అనడానికి తన నడుము దగ్గర ఏమీ లేదు, ఉన్నప్పుడూ లేదు. బండి తిప్పుకుని ఒక్కడే కొవ్వూరు వెళ్లాడు.

విచారణ చేసిన అధికారిణి మర్యాదస్తురాలే. కూర్చోమంది. ఫొటోలు ఓపిగ్గా చూసింది.

"గట్టు తెగినట్టు తెలుస్తోందండి. కానీ గోదారి తెంపిందంటున్నారు వాళ్లు. మిషను చూసినవాళ్లు ఉన్నారని రాశారు?"

"ఉన్నాడండి. రాలేకపోయాడు."

"ఇంకోసారి పిలవమంటారా?"

వెంకటరాజు కాసేపు తలుపు వైపు చూశాడు. పిలిస్తే ఆ కాగితం ఎవరి ఇంటికి వెళ్తుందో, దాని వెనకాల ఇంకెవరెవరు వెళ్తారో తెలుసు. ఈసారి కొయ్యడానికి వల కూడా లేదు.

"వద్దండి," అన్నాడు.

ఆమె కలం పట్టుకుని ఒక నిమిషం ఆగింది. తర్వాత రాసుకుంది. ఫైలు మూసేసింది.

సాయంత్రం సుబ్బాయమ్మ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. అవతల లంక పక్కన మిషను పడవ వచ్చేసింది. దాని చప్పుడు నీళ్ల మీదుగా ఒకే తీరున వస్తోంది. ర్యాంపు వైపు నుంచి మనుషులు వస్తున్నారు. అందరికన్నా వెనకాల బుల్లియ్య. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, జుట్టులో ఇసుక, అరచేతులు నానిపోయి ముడతలు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తెల్లపంచె చూశాడు. బల్ల చుట్టూ తిరక్కుండా వచ్చిన వైపే, వెంకటరాజుకి కుడిపక్కన, కూర్చున్నాడు.

"రాలేకపోయానండి," అన్నాడు.

"తెలుసు."

ఇద్దరూ మిషను వైపు చూస్తూ కూర్చున్నారు. ఎంతో కాలానికి మెల్లిగా మాట్లాడుకునే వీలు వచ్చింది. చెప్పడానికి వెంకటరాజు దగ్గర ఒక్క మాటే ఉంది.

"బుల్లియ్యా, అది పేలేది కాదంట. దసరాకి మా ఆవిడ బొట్లు పెట్టి కొబ్బరినీళ్లు చల్లింది కదా. బిగుసుకుపోయింది. ఆవేళ లంకలో కూడా అది పనిచేసేది కాదు."

బుల్లియ్య చెయ్యెత్తి ఆగమన్నాడు. తల ఎడమకి వాల్చి, అరచేత్తో కుడికణత మీద కొట్టుకున్నాడు. మంచి చెవిలోంచి గోరువెచ్చని నీళ్లు బొట్టుబొట్టుగా భుజం మీద పడ్డాయి.

"నీళ్లున్నాయండి. ఇప్పుడు చెప్పండి."

చెప్పకుండా ఊరుకోవచ్చు. వెంకటరాజు ఆ చెవి దగ్గరికి వంగి మళ్లీ మొదట్నించీ చెప్పాడు. నేనున్నాగా అన్న మాట కూడా కలిపి చెప్పాడు.

బుల్లియ్య జుట్టులో ఇసుక దులుపుకున్నాడు. "అయితే గణేష్‌బాబు ఉత్తినే బయపడ్డాడన్నమాట," అన్నాడు తర్వాత. చిన్నగా నవ్వాడు కూడా. నవ్వు తేలిపోయాక లుంగీ అంచుతో చెవి తుడుచుకున్నాడు.

"మా ఆడది కూడా దసరాకి వల ముందు కొబ్బరికాయ కొట్టిందండి," అన్నాడు.

సుబ్బాయమ్మ రెండు గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. వాళ్ల మొహాలు చూసి, నోటిదాకా వచ్చిన హాస్యం మింగేసి, లోపలికి వెళ్లిపోయింది. అవతల లంక అంచున అరటిచెట్టొకటి ఊతకర్రతో సహా మెల్లిగా ఒరిగి, గెల కిందికి పెట్టుకుని, నీళ్లలోకి జారింది. ఇద్దరూ చూశారు. బుల్లియ్య టీ గ్లాసు అందుకోడానికి వంగితే అతని తడిభుజం వెంకటరాజు కుడి నడుముకి, సరిగ్గా ఆ కాయ దగ్గర, తగిలింది. బుల్లియ్య జరగలేదు.